మసక వెయ్యని తొమ్మిది నిమిషాలు

కత్తెరకి ఆ పేరు హాస్టల్లో వచ్చింది. "నుదుటి మీద పడుతోందే, కాస్త కత్తిరించి పెట్టవా" అంటూ మూడంతస్తుల అమ్మాయిలూ ఆదివారం పొద్దున్నే ఆమె గది ముందు చేరేవారు. చెయ్యి వణికేది కాదు. ఒకసారి పట్టిందంటే వదిలేది కూడా కాదు. ఆ రెండో గుణం గురించి అప్పటికి ఎవరికీ పెద్దగా తెలియదు.

నిచ్చెన ఆమె పక్కగది పిల్ల. గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత పొడుగు. ఆమె జుట్టు కత్తిరించాలంటే నిచ్చెన కింద కూర్చోవాలి, లేదా కత్తెర స్టూలెక్కాలి. నిచ్చెన కూర్చునేది కాదు. "నువ్వు స్టూలెక్కితేనే నీ ముఖం నాకు సరిగ్గా కనబడుతుంది" అనేది.

ఇద్దరూ మొదట దాన్ని స్నేహమనుకున్నారు. ఆ మాట చాలడం లేదని ఇద్దరికీ ఇంచుమించు ఒకే వారంలో తెలిసింది. బదులుగా ఏ మాట వాడాలో మాత్రం తెలియలేదు. వాళ్లు విన్న మాటలన్నీ ఎవరో ఎవరినో తిట్టడానికి వాడినవే.

హాస్టల్ మేడ మీద బట్టలారేసే తీగల మధ్య ఒక మూల వాళ్లది. దుప్పట్లు ఆరేసిన రోజుల్లో అక్కడొక గది తయారయ్యేది. కత్తెర ఒళ్లో తల పెట్టుకుని నిచ్చెన పాఠం చదివేది, కత్తెర ఆమె జుట్టు దువ్వేది. ఒక మధ్యాహ్నం పక్క భవనం కిటికీలోంచి ఎవరో ఆ గదిని కెమెరాతో తీశారు.

'తలుపు వెనక' అనే కార్యక్రమం టీవీలో రోజూ సాయంత్రం ఏడింటికి వచ్చేది. నడిపే ఆవిడని ఊరంతా మేడం అనే పిలిచేది. ఎక్కడ ఏ ఆడదానికి అన్యాయం జరిగినా మేడం ముక్కుపుటాలు అదిరేవి, కళ్లు ఎర్రబడేవి. కత్తెర వాళ్లమ్మ ఆవిడకి వీరాభిమాని. ఏడింటికి పొయ్యి కట్టేసి మరీ కూర్చునేది. అలా కూర్చునే ఆ సాయంత్రం తన కూతుర్ని చూసింది.

ఆ రోజు అంశం, ఆడపిల్లల హాస్టళ్లలో ఏం జరుగుతోంది. నలభై సెకన్ల దృశ్యాన్ని ఆరుసార్లు వేశారు. ఇద్దరి ముఖాలకీ మసక వేశారు; అయినా జుట్టు దువ్వే ఆ చేతుల్ని అమ్మ పోల్చుకుంది. దుప్పటి అంచు దాటి బయటికొచ్చిన అంత పొడుగు కాళ్లకి మాత్రం వెయ్యలేదు. ఆ కాళ్లకి ఒకటి ఎర్ర మేజోడు, ఒకటి ఆకుపచ్చది. నిచ్చెన ఎప్పుడూ అలాగే వేసుకునేది. వాటిని కొనిచ్చింది వాళ్లన్నయ్యే.

ఆ తర్వాత తెర మీదకి హాస్టల్ వార్డెనమ్మ వచ్చింది. "ఈ పిల్లల వల్ల మిగతా పిల్లలకి ప్రమాదం" అంది. ఆ మాటని కూడా వెనక డప్పులాంటి సంగీతంతో రెండుసార్లు వినిపించారు.

మర్నాడు పొద్దున అన్నయ్య వచ్చి చెల్లెల్ని పెట్టెతో సహా తీసుకుపోయాడు. నాలుగు రోజులకి నిచ్చెన ఫోన్ నుంచి కత్తెరకి ఒక్క మాట వచ్చింది: "రావద్దు." ఆ తర్వాత ఆ నంబరు మూగబోయింది.

కత్తెర ఇంటికెళ్లింది. అమ్మ ఆడవాళ్లకి కారు నేర్పే బడి నడిపేది. పక్కసీట్లో కూర్చుని, తన వైపున్న రెండో బ్రేకు మీద కాలు ఉంచుకుని, "భయపడకమ్మా, లారీ వాడికీ బతకాలనే ఉంటుంది" అని ధైర్యం చెప్పే మనిషి. కార్యక్రమం వచ్చిన పదిహేను రోజుల్లో నేర్చుకునేవాళ్లు ఒక్కొక్కరే మానేశారు. అమ్మ వారం పాటు కూతురితో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు గిన్నెలు కడుగుతూ, వెనక్కి తిరక్కుండానే మొదలుపెట్టింది.

"చూడవే. నువ్వు చెప్పేదేంటో నాకింకా అర్థం కాలేదు. కానీ నా పిల్లని దొంగచాటుగా తియ్యడం తప్పు. అంతవరకు అర్థమైంది. మిగతాది నెమ్మదిగా అర్థం చేసుకుంటాను. నన్ను తొందరపెట్టకు."

కత్తెర తొందరపెట్టలేదు. ఆమె ఆలోచనంతా ఇంకో దిక్కున ఉంది. మేడం అందనంత ఎత్తులో ఉంది. ఆ దృశ్యాన్ని కోసి కూర్చినవాళ్లెవరో తెలియదు. చేతికి అందేది వార్డెనమ్మ ఒక్కతే. వార్డెనమ్మ ఫోటో, ఫోన్ నంబరు కలిపి, "తన దగ్గరున్న పిల్లల్ని టీవీకి అమ్ముకున్న మనిషి ఈవిడే" అని రాసి హాస్టల్ అమ్మాయిల గ్రూపులో పెట్టింది. అది ఊరంతా తిరిగింది. వార్డెనమ్మకి రోజుకి వంద ఫోన్లు వచ్చాయట, అన్నీ బూతులే. కాలేజీవాళ్లు ఆవిడని పనిలోంచి తీసేశారు. ఆ కబురు విన్నరోజు కత్తెర చాలాకాలం తర్వాత కంటినిండా నిద్రపోయింది.

*

రెండేళ్లు గడిచాయి. కత్తెర కాలేజీ మారింది, చదువు మార్చుకుంది. టీవీవాళ్లు చేసే పనంతా నేర్పే కోర్సులో చేరింది. అక్కడ స్త్రీవాదం పాఠం చెప్పే లెక్చరర్ బోర్డు మీద మొదటిరోజే రెండు ప్రశ్నలు రాసింది: ఎవరు చూస్తున్నారు? ఎవర్ని చూస్తున్నారు? కత్తెరకి ఆ పాఠాలు ఆకలేసినవాడికి అన్నం దొరికినట్టుండేవి. ఒక్కచోట మాత్రం పంటికింద రాయి తగిలేది. పుస్తకంలో 'ఆడవాళ్లందరూ' అన్న మాట వచ్చినప్పుడల్లా పక్కన పెన్సిల్‌తో ప్రశ్నగుర్తు పెట్టేది. ఆ అందరిలో నేనూ ఉన్నానా? మేడం కూడా రోజూ ఏడింటికి ఆ మాటే వాడుతుంది. ఆవిడ 'అందరూ' అన్నప్పుడు నిచ్చెన ఎక్కడుంది? ఒక పరీక్షలో ఆమె ఇలా రాసింది: "నన్ను కొట్టిన చెయ్యి మగాడిది కాదు. మగాళ్లు ఇష్టపడేలా నన్ను చూపించిన ఆడదానిది. ఆ చేతికి పాఠ్యపుస్తకంలో పేరు లేదు." లెక్చరర్ దాని కింద గీత గీసి, "బాగుంది, ఉదాహరణ ఇవ్వాల్సింది" అని రాసింది.

ఉదాహరణ ఇవ్వడానికే కత్తెర చివరి సంవత్సరంలో ఆ చానల్లోనే పని నేర్చుకోవడానికి చేరింది. ఎవరూ గుర్తుపట్టలేదు. ముఖానికి మసక వేసినవాళ్లకి ఆ ముఖం గుర్తుండకపోవడంలో వింతేముంది? మేడం వరండాలో ఎదురైతే, "ఏమ్మా కొత్తమ్మాయ్, అలవాటైందా?" అని భుజం తట్టేది. కత్తెర నవ్వేది. ఆ భుజాన్ని ఇంటికొచ్చి సబ్బుతో రుద్దుకునేది.

ఎడిటింగ్ గదికి పెద్ద ఒక ముసలాయన. అందరూ బాబాయ్ అనేవారు. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని బల్లంతా వెతికే మనిషి. పని మాత్రం చేతిలో వెన్నలా కరిగేది. మాటల మధ్య ఊపిరి ఎక్కడ కొయ్యాలో, తలుపు చప్పుడు ఎంత ముందు వినిపించాలో, అన్నీ ఓపిగ్గా నేర్పాడు. నాలుగు నెలల్లో కత్తెర ఆయన కుర్చీలో కూర్చునేంత అయింది.

'తలుపు వెనక' వెయ్యో భాగానికి చేరింది. ఆ సందర్భంగా కత్తెర చదివే విభాగంవాళ్లే మేడంకి సన్మానం తలపెట్టారు. కత్తెర ఉండబట్టలేక లెక్చరర్ని అడిగింది.

"ఆవిడనే ఎందుకండీ పిలుస్తున్నారు?"

"ఆవిడొస్తే హాలు నిండుతుందమ్మా. నేను మాట్లాడితే ముందు రెండు వరసలు కూడా నిండవు. నిండిన హాల్లో ఓ మంచి మాట చెబితే కొందరికైనా చేరుతుంది కదా."

సన్మానం రోజు వెయ్యాల్సిన తొమ్మిది నిమిషాల చిత్రం కూర్చే పని కత్తెర మీద పడింది. బాబాయ్ పాత డిస్కులుండే గది తాళంచెవి చేతిలో పెట్టాడు. కత్తెర నేరుగా వెళ్లి రెండేళ్ల కిందటి అరలో చెయ్యి పెట్టింది.

కోతలు పడక ముందరి దృశ్యం అది. వార్డెనమ్మ తన గదిలో కూర్చుని ఉంది, వెనక గోడకి తాళాల గుత్తులు. కెమెరా పక్కనుంచి మేడం గొంతు: "మీ హాస్టల్లో ఇలాంటివి జరుగుతుంటే మీకు భయం లేదా?"

వార్డెనమ్మ చేతులు కట్టుకుంది. "ఈ పిల్లల వల్ల మిగతా పిల్లలకి ప్రమాదం అని నాతో అనిపించాలని చూస్తున్నారు మీరు. నేననను. మూడంతస్తుల్లో నన్ను ఏడిపించని పిల్లలు వాళ్లిద్దరే. ప్రమాదమంటూ ఉంటే ఆ కిటికీలోంచి తీసినవాడి వల్ల ఉంది. వాడెవడో ముందు చెప్పండి, పోలీసులకి ఫోన్ చేస్తాను."

కత్తెర దాన్ని వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. వాక్యంలో సగం కోసి పారేశారు.

దృశ్యం అక్కడ ఆగలేదు. వార్డెనమ్మ ఏదో పనిమీద బయటికెళ్లింది. కెమెరా నడుస్తూనే ఉంది. మేడం ముందుకొచ్చి ఆ కుర్చీలోనే కూర్చుని జుట్టు సర్దుకుంది.

"మొండి ఘటం. పర్లేదు, సగం మాట దొరికింది, చాలు."

"అసలు ఆ పిల్లలు ఏం చేశారని మేడం?" కెమెరా వెనకాల మనిషి గొంతు. "తల దువ్వుకుంటున్నారు, అంతేగా."

"ఏం చెయ్యలేదు. అందుకే మసక వెయ్యమంటున్నా. మసక వేస్తే మిగతాది చూసేవాళ్లే ఊహించుకుంటారు." మేడం చిన్న అద్దం తీసి పెదాలు చూసుకుంది. "వాళ్లు ఎవర్ని ప్రేమించుకుంటే నాకేంటయ్యా? నాకు ఏడింటికి జనం కావాలి. త్వరగా కానివ్వు, నాలుగింటికి స్త్రీ స్వేచ్ఛ మీద మాట్లాడాలి."

కత్తెర చెయ్యి వణికింది. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

కోపం నషాళానికి ఎక్కింది, అది ఊహించినదే. దాని వెనకే ఇంకోటి వచ్చింది, అది ఊహించలేదు. రెండేళ్లుగా తను పళ్లు నూరిన మనిషి, ఆ గదిలో తమకోసం నిలబడిన ఒకే ఒక్క మనిషి. కోత గురించి క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న పిల్ల, తన మీద వేసిన కోతనే నమ్మింది. నమ్మి, ఇంకొకళ్ల బతుకు కోసింది.

ఆ సిగ్గుని ఏం చేసుకోవాలో తెలియక కత్తెర దాన్ని కూడా కసిలోకే తిప్పింది. మూడు రోజులు ఎడిటింగ్ గదిలో తలుపేసుకుని కూర్చుంది. వెయ్యి భాగాల్లోంచి మేడం గొంతు ఏరింది. ఒకచోట నుంచి 'నేను', ఇంకోచోట నుంచి 'ఆడపిల్లల', మరెక్కడి నుంచో 'బతుకులు'. ఊపిరికి ఊపిరి అతికింది. మూడోరోజు మధ్యాహ్నానికి తెర మీద మేడం కళ్లలోకి సూటిగా చూస్తూ చెప్పింది: "నేను ఆడపిల్లల బతుకులు అమ్ముకుని బతుకుతున్నాను."

కత్తెర దాన్ని పదిసార్లు వేసుకుని చూసింది. ప్రతిసారీ ఒళ్లు పులకరించింది. పదకొండోసారి వేస్తుండగా వెనక బాబాయ్ నిలబడి ఉన్నాడు.

"బాగా అతికావమ్మాయ్" అన్నాడు నెమ్మదిగా. "'బతుకులు' దగ్గర కొంచెం గొంతు మారింది. నాలాంటివాడు ఐదు నిమిషాల్లో పట్టేస్తాడు. ఇంతకీ ఆవిడ నీకేం చేసింది?"

కత్తెర రెండేళ్ల కిందటి మేడ మీది దృశ్యం తెరిచింది. వేలు పెట్టి చూపించింది. "ఈ ఎడమవైపున్నది నేను."

బాబాయ్ కళ్లజోడు కిందకి దించుకున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత పక్కనున్న కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

"దీన్ని కోసిందెవరు బాబాయ్?"

"నేనే."

"వార్డెనమ్మ మాట?"

"అదీ నేనే. నాలుగు నిమిషాలు పట్టింది." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "కొయ్యమన్నారు, కోశాను. సాయంత్రం ఇంటికెళ్లి అన్నం తిన్నాను. నీకు అబద్ధం ఎందుకు చెప్పాలి? బాధ కూడా కలగలేదమ్మా అప్పుడు."

కత్తెరకి ఆయన మీద చెయ్యి చేసుకోవాలనిపించింది. చేసుకోలేదు. "మరి ఇప్పుడేం చేస్తారు?"

"ఏం చెయ్యమంటే అది. కానీ ఒక్క మాట విను. నువ్వు అతికిన ఈ వాక్యం వేశావనుకో, ఆవిడ నవ్వుతూ లేచి 'చూశారా, నామీద ఎంత కుట్రో' అంటుంది. నువ్వే ఆవిడకి ఊపిరి పోసినట్టవుతుంది. అసలు దృశ్యం ఉంది కదా. దాన్ని ముట్టుకోకు. ఉన్నది ఉన్నట్టు వెయ్యి. కొయ్యనిదానికి జవాబు చెప్పడం వాళ్లకి రాదు."

కత్తెర మూడు రోజుల పనిని తుడిచేసింది. తుడిచేటప్పుడు ప్రాణం ఉసూరుమంది, ఎంత బాగా వచ్చిందో!

*

మేడ మీది అసలు దృశ్యంలో మసక లేని నిచ్చెన ముఖం కూడా ఉంది. అడక్కుండా దాన్ని చూపించడానికి తనెవరు? కత్తెర రైలెక్కి, నిచ్చెన వాళ్లన్నయ్య నడిపే టైల్స్ దుకాణానికి వెళ్లింది. నిచ్చెన అక్కడే పనిచేస్తోందని పాత స్నేహితురాలొకతె చెప్పింది.

నిచ్చెన గోడ పక్కన నిలబడి స్టూలు అక్కర్లేకుండానే పై అరలోంచి పలకలు తీస్తోంది. వెనక్కి తిరిగి చూసింది. చేతిలో పలక జారలేదు, కళ్లలో నీళ్లు తిరగలేదు. పలకని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, "బాత్‌రూముకా, వంటింటికా?" అంది.

"నీతో మాట్లాడాలే."

"రెండేళ్లకి తీరిందా?"

"నువ్వేగా రావద్దన్నావు."

"అన్నాను. రావద్దంటే రాకుండా ఉండేంత బుద్ధిమంతురాలివి ఎప్పటినుంచి అయ్యావే?" నిచ్చెన బల్ల మీది పలకని అటు తిప్పి పెట్టింది. "వద్దన్నా నువ్వొస్తావని నెలరోజులు గుమ్మంకేసి చూశాను. నువ్వు గోడ దూకైనా వస్తావనుకున్నాను."

కత్తెర తప్పయిపోయిందని ఒకసారి చెప్పి ఊరుకుంది. తర్వాత ఫోన్లో వార్డెనమ్మ భాగం, మేడం భాగం చూపించింది. నిచ్చెన మొత్తం చూసింది. 'ఏం చెయ్యలేదు, అందుకే మసక' అన్నచోట పెదవి కొరుక్కుంది.

"మేడ మీది దృశ్యం కూడా ఉంది, మసక లేకుండా" అంది కత్తెర. "అది వేస్తే మనం ఏ తప్పూ చెయ్యలేదని అందరికీ..."

"వద్దు."

"ఎందుకే?"

"ఆ మేడ మనది. దొంగతనంగా తీసినదాన్ని మంచి ఉద్దేశంతో చూపించినా దొంగసొత్తే కదా. అయినా మనం తప్పు చెయ్యలేదని నేనెవరికి రుజువు చెయ్యాలి? అక్కడ ముద్దు పెట్టుకుని ఉంటే మాత్రం? అప్పుడు వాళ్లు తీసింది ఒప్పయిపోతుందా?" నిచ్చెన దుమ్ము చేతులు గుడ్డకి తుడుచుకుంది. "మన ముఖాలు ఒక్క క్షణం కూడా కనబడకూడదు. ఆవిడ ముఖం చూపించు. ఎక్కడా మసక వెయ్యకు."

వెళ్లేటప్పుడు దుకాణం గుమ్మం దాకా వచ్చింది. "బాగా తగలాలే దానికి" అంది. రెండేళ్లలో వాళ్లిద్దరూ పూర్తిగా ఒప్పుకున్న మొదటి మాట అది.

వార్డెనమ్మ ఒక హోటల్ కింది అంతస్తులో దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. ఆవిరిలో ముఖం సగమే కనబడుతోంది. కత్తెర నిలబడే మొత్తం చెప్పింది: ఫోటో పెట్టింది తనేనని, అసలు మాట ఇప్పుడే విన్నానని, దాన్ని అందరిముందూ వెయ్యడానికి అనుమతి కావాలని.

వార్డెనమ్మ ఇస్త్రీపెట్టె ఆపలేదు. "నువ్వేనని నాకు అప్పుడే తెలుసు. నువ్వు రాసే తీరు నాకు తెలీదా? రెండేళ్లు సెలవు చీటీలు రాసిచ్చావు."

"మరి ఎందుకు చెప్పలేదండీ, అది మీరన్న మాట కాదని?"

"చెప్పాను. ఎవరు విన్నారు? నువ్వు విన్నావా?" దుప్పటి నాలుగు మడతలు పెట్టింది. "వెయ్యి. నా పేరు, నా ముఖం, అన్నీ వెయ్యి. తర్వాత ఫిర్యాదు కూడా నేనే రాస్తాను. కానీ దీంతో నీది మాసిపోయిందనుకోకు. ఆవిడ చేసింది ఆవిడది, నువ్వు చేసింది నీది."

"అనుకోనండి."

"మంచిది. ఆ చివర పట్టుకో, ఈ దుప్పటి ఒక్కదాన్నే మడవలేను."

*

సన్మానం మధ్యాహ్నం మూడింటికి. హాలు నిజంగానే నిండింది. మేడం అరగంట మాట్లాడింది. ఆడపిల్ల గొంతు నొక్కేవాళ్లని ఈ సమాజం క్షమించకూడదని బల్ల గుద్దింది. చప్పట్లు. తర్వాత దీపాలు తగ్గించారు.

కత్తెర పైన తెరని నడిపే చిన్నగదిలో గడియ పెట్టుకుని కూర్చుంది. మీట నొక్కింది.

మొదటి నిమిషం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పేర్లు లేవు, సంగీతం లేదు. ఒక గది, తాళాల గుత్తులు, చేతులు కట్టుకున్న ఒక పెద్దావిడ. వార్డెనమ్మ వాక్యం పూర్తిగా వినిపించినప్పుడు వెనక వరసలో ఎవరో "ఇది ఆ హాస్టల్..." అన్నారు. మేడం కుర్చీలోంచి సగం లేచింది. "ఆపండి, వేరేది పడినట్టుంది" అంది నవ్వుతూనే. అప్పటికి తెర మీది మేడం అద్దం తీసి పెదాలు చూసుకుంటోంది.

"మసక వేస్తే మిగతాది చూసేవాళ్లే ఊహించుకుంటారు."

ఆ మాటకి ముందు వరసలవాళ్లు తెర మీంచి చూపు తిప్పి వేదిక మీది మేడంని చూశారు. "నాలుగింటికి స్త్రీ స్వేచ్ఛ మీద మాట్లాడాలి" అన్నచోట ఒకమ్మాయి పకపకా నవ్వింది. ఆ నవ్వు అంటుకుంది. వేదిక మీద నిజం మేడం, తెర మీద ఇంతెత్తు మేడం. ఆవిడ ఏ వైపు తిరిగినా ఇంకో ఆవిడ చూస్తోంది. కత్తెర ఉన్న గది తలుపుని బయటినుంచి ఎవరో బాదుతున్నారు. ఆమె కదల్లేదు. తొమ్మిది నిమిషాలూ కదల్లేదు. గాజులోంచి మేడం ముఖాన్ని, ఆకలేసిన మనిషి విస్తరిని చూసినట్టు చూసింది.

దీపాలు వెలిగాయి. మేడం మైకు అందుకుంది. "ఇదంతా కుట్ర. నా మాటలు కోసి, అతికించి..."

మూడో వరసలో బాబాయ్ లేచాడు. "అతికించలేదండీ. అతికించింది మీరు టీవీలో వేశారు. దాన్ని కోసింది నేను. ఈ చేత్తోనే." చెయ్యెత్తి చూపించాడు, బళ్లో పిల్లాడిలా.

అప్పుడు కత్తెర మెట్లు దిగి వచ్చింది. మైకు కోసం ఆగలేదు. గొంతు హాలుకి సరిపోయింది.

"ఆ మసకలో ఎడమవైపున్నది నేను. నేను ప్రేమించింది ఆడపిల్లనే. మేం ఏమీ చెయ్యలేదని మేడం ఇప్పుడు మీ ముందే చెప్పారు, అందుకు నేను థాంక్స్ చెప్పను. మేం ఏం చేసినా అది మాది. మేడం, మీరు రోజూ ఆడవాళ్లందరి తరఫునా మాట్లాడతానంటారు. ఆ అందరిలో మేం లేమా? లేకపోతే లేరని చెప్పండి. ఉంటే మమ్మల్ని ఎందుకు అమ్మారో చెప్పండి."

మేడం పూలగుత్తి కుర్చీలోనే వదిలేసి పక్క తలుపులోంచి వెళ్లిపోయింది.

లెక్చరర్ వరండాలో కత్తెర చెయ్యి పట్టుకుంది. "నాకు ముందే చెప్పాల్సింది."

"చెబితే ఆపేవారు."

లెక్చరర్ చెయ్యి వదిలేసింది. "అవును. ఆపేదాన్ని" అంది.

*

చానల్‌వాళ్లు బాబాయ్‌ని ఆ సాయంత్రమే పొమ్మన్నారు, కత్తెరని గేటు దగ్గరే ఆపేశారు. వార్డెనమ్మ అన్నట్టే ఫిర్యాదు రాసింది; ప్రసారాల మీద ఫిర్యాదులు వినే మండలికి బాబాయ్ సాక్ష్యం చెప్పాడు. ఐదు నెలలు తిప్పారు. చివరికి తీర్పొచ్చింది: మూడు రోజులు, అదే ఏడింటికి, మేడం స్వయంగా జరిగింది జరిగినట్టు చదవాలి. వార్డెనమ్మ మాటని కొయ్యకుండా వినిపించాలి. సంగీతం ఉండకూడదు. చదవాల్సిన పాఠం కత్తెర, వార్డెనమ్మ కలిసి రాశారు. కత్తెర మొదట రాసినదాంట్లో తిట్లు ఎక్కువున్నాయని వార్డెనమ్మ అన్నీ కొట్టేసింది. "ఉత్త నిజం చదవడమే ఆవిడకి ఎక్కువ కష్టం" అంది.

నిచ్చెన ఈలోగా అన్నయ్య దుకాణం వదిలి వచ్చేసింది. ఫోన్లలో తిరిగిన ఆ తొమ్మిది నిమిషాలు చూశాక అన్నయ్య క్షమించమన్నాడట. "చూద్దాంలే అన్నాను" అంది. కత్తెర వాళ్లమ్మ దగ్గర నిచ్చెన కారు నేర్చుకోవడం మొదలుపెట్టింది. సీటు ఎంత వెనక్కి జరిపినా మోకాళ్లు స్టీరింగుకి తగులుతాయి. "ఈ పిల్లకి కారు కాదే, బస్సు నేర్పాలి" అని అమ్మ విసుక్కునేది. అమ్మ అర్థం చేసుకోవడం అలా సాగుతోంది.

మూడోరోజు, ఆరున్నరకి కత్తెర ఫోన్ మోగింది. మేడం.

"రెండు రోజులు చదివానమ్మా. ఈ ఒక్కరోజు వదిలెయ్యండి. మీరూ, ఆ పెద్దావిడా చాలని రాసిస్తే మండలివాళ్లు ఒప్పుకుంటారట. నాకోసం కాదు. మా అమ్మాయి బళ్లో పిల్లలు దాన్ని ఏడిపిస్తున్నారు. నిన్నంతా అన్నం ముట్టలేదు. నువ్వూ ఒక ఆడపిల్లవే కదా."

కత్తెర గోడకి ఆనుకుంది. ఆ చిన్నపిల్ల మీద నిజంగానే జాలేసింది. ఎవరో చేసినదానికి బళ్లో తల వంచుకోవడం ఎలా ఉంటుందో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. మేడం అటువైపు ఏడుస్తోంది; ఈసారి నిజమైన ఏడుపే, ముక్కు కూడా చీదుకుంటోంది.

"మీ అమ్మాయి మీద ఎవరూ కెమెరా పెట్టలేదు కదండీ" అంది కత్తెర. "ఎవరూ పెట్టకూడదు కూడా. అలా ఎవరైనా పెడితే నాకు ఫోన్ చెయ్యండి, నేనొచ్చి దాని పక్కన నిలబడతాను. అమ్మ తప్పు చేసింది, అందుకే చదువుతోందని దానికి చెప్పండి. ఏడింటికి చదవండి."

"క్షమించలేవా?"

"లేదండి."

ఫోన్ పెట్టేసి ముందుగదిలోకి వచ్చింది. అమ్మ, నిచ్చెన అప్పటికే టీవీ ముందున్నారు. ఏడయింది. మేడం తెర మీదకి వచ్చింది. ముఖానికి రంగు లేదు, కళ్లు ఉబ్బి ఉన్నాయి. కాగితం పట్టుకుని, ఒక్క మాట కూడా మింగకుండా, మొదటినుంచి చివరిదాకా చదివింది. ఇలాంటప్పుడు మనసు తేలికపడదని, కక్ష తీరినా లోపల ఖాళీగానే ఉంటుందని కత్తెర ఎక్కడెక్కడో చదివింది. ఆమెకి ఖాళీగా లేదు. హాయిగా ఉంది. కడుపునిండా ఉంది.

"వాల్యూమ్ పెంచవే" అంది నిచ్చెన.

కత్తెర పెంచింది.